అమెరికాతో యుద్ధం వద్దన్న అడ్మిరల్ పెర్ల్ హార్బర్ దాకా ఎలా వచ్చాడు?

1940 సెప్టెంబర్. జర్మనీ, ఇటలీలతో త్రైపాక్షిక ఒప్పందం దాదాపు ఖాయమైపోయింది. జపాన్ నౌకాదళ పెద్దలను టోక్యోకు పిలిపించి, ఒప్పందానికి తలూపమని అడగడానికి నౌకాదళ మంత్రి ఒయికవా కొషిరో ఒక సమావేశం పెట్టాడు. అక్కడ సంయుక్త నౌకాదళాధిపతి యమమోటో ఇసొరొకు లేచి ఒక ప్రశ్న వేశాడు. తాను ఉపమంత్రిగా ఉన్న రోజుల్లో వేసిన సరుకుల ప్రణాళిక ప్రకారం, దేశానికి కావలసిన సామగ్రిలో 80 శాతం బ్రిటన్, అమెరికాల చేతిలో ఉన్న ప్రాంతాల నుంచే రావాలి. ఒప్పందం మీద సంతకం పెడితే ఆ దారి మూసుకుపోతుంది. ఆ లోటు ఎక్కడి నుంచి పూడుస్తారో కాస్త వివరంగా చెబితే తన పని తాను నిశ్చింతగా చూసుకుంటానన్నాడు.

ఒయికవా జవాబు చెప్పలేదు. ఎవరి అభిప్రాయం వాళ్లకు ఉండొచ్చు, పరిస్థితి ఇక్కడిదాకా వచ్చింది కాబట్టి ఒప్పుకోండి అని నీళ్లు నమిలాడు. మిగతావాళ్లు ఒప్పుకున్నారు. సెప్టెంబర్ 27న బెర్లిన్‌లో సంతకాలయ్యాయి.

ఇది జరిగిన పద్నాలుగు నెలలకు, ఆ ప్రశ్న అడిగిన మనిషి వేసిన పథకం ప్రకారమే ఆరు విమానవాహక నౌకలు హవాయిలోని అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ వైపు బయల్దేరాయి. అంత గట్టిగా వద్దన్నవాడు అమెరికా మీద మొదటి దెబ్బ కొట్టే పథకం ఎందుకు వేశాడంటే, సైనికుడు కదా, ఆజ్ఞ వచ్చింది, పాటించాడు అని చెప్పేసి ఊరుకుంటారు. ఈ జవాబులో నిజం సగమే ఉంది. ఆ పథకాన్ని అతనికి ఎవరూ ఆజ్ఞాపించలేదు. పైవాళ్లు వద్దన్నా పట్టుబట్టి ఒప్పించుకున్నాడు. అందుకోసం రాజీనామా చేస్తానని బెదిరించాడు కూడా. యుద్ధాన్ని ఆపడానికి మాత్రం ఆ బెదిరింపు ఎప్పుడూ వాడలేదు. యమమోటో విముఖత ఎంత లోతైనదో, ఎక్కడ ఆగిపోయిందో తెలియాలంటే ఈ తేడా దగ్గర కాసేపు ఆగాలి.

అతను పుట్టింది 1884లో, నీగట ప్రాంతంలోని నగావోకా పట్టణంలో. 1868 అంతర్యుద్ధంలో చక్రవర్తి పక్షానికి ఎదురు నిలిచి ఓడిపోయిన సంస్థానం అది. ఓటమి అంటే ఏమిటో కథలుగా వింటూ పెరిగిన తరం అతనిది. 1904లో నౌకా అకాడమీ నుంచి బయటికొచ్చి, మరుసటి ఏడే సుషిమా యుద్ధంలో నిషిన్ అనే క్రూజర్ మీద గాయపడ్డాడు. ఎడమ చేతికి రెండు వేళ్లు పోయాయి. రష్యా నౌకాదళాన్ని ఒక్క పోరులో తుడిచిపెట్టేసిన ఆ విజయం తర్వాతి నలభై ఏళ్ల పాటు జపాన్ నౌకాదళం బుర్రను ఏలింది. యమమోటో కూడా దాని నుంచి పూర్తిగా తప్పించుకోలేదు, ఆ సంగతికి తర్వాత వద్దాం.

తోటి ఆఫీసర్లలో చాలామందికి అమెరికా కాగితం మీది అంకె. యమమోటోకు కళ్లారా చూసిన దేశం. 1919 నుంచి 1921 వరకు హార్వర్డ్‌లో ఇంగ్లీషు చదువుకోవడానికి వెళ్లాడు కానీ, అతని ధ్యాసంతా చమురు మీదే. మెక్సికో చమురు బావులు చూడటానికి చేతిలో పెద్దగా డబ్బు లేకుండానే వెళ్లాడు. చవకబారు హోటళ్లలో అటక గదుల్లో దిగి, రొట్టె, నీళ్లు, అరటిపళ్లతో గడుపుతూ చమురు క్షేత్రాలన్నీ తిరుగుతున్న ఈ మనిషి నిజంగా జపాన్ నౌకాదళ అధికారేనా అని మెక్సికో అధికారులు వాషింగ్టన్‌లోని జపాన్ రాయబార కార్యాలయానికి కబురు పెట్టి కనుక్కున్నారని అతని జీవితచరిత్రల్లో ఉంది. 1926 నుంచి 1928 దాకా వాషింగ్టన్‌లోనే నౌకాదళ ప్రతినిధిగా పనిచేశాడు. డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలు, టెక్సాస్ చమురు క్షేత్రాలు చూసినవాడెవడైనా ఆ దేశంతో ఓడల పోటీకి దిగడు అన్నది అతను పదే పదే చెప్పిన మాట.

అమెరికాను ఇష్టపడ్డాడా అంటే, పేకాటలో పోకర్, బ్రిడ్జ్ అంటే ప్రాణం పెట్టేవాడన్నది నిజమే. కానీ అతని వాదన ఇష్టాయిష్టాల మీద నిలబడలేదు. అది శుద్ధంగా లెక్క.

1922 వాషింగ్టన్ ఒప్పందం పెద్ద యుద్ధనౌకల్లో అమెరికా, బ్రిటన్, జపాన్‌లకు 5:5:3 నిష్పత్తి పెట్టింది. జపాన్‌లో దీన్ని అవమానంగా చూసినవాళ్లే ఎక్కువ. యమమోటో తిరగేసి చూశాడు: ఆ నిష్పత్తి కట్టేస్తున్నది నిజానికి అమెరికానే. ఒప్పందం లేకపోతే ఐదు దగ్గర ఎందుకు ఆగుతుంది, పది కడుతుంది, పదిహేను కడుతుంది. అప్పుడు మన మూడు ఎక్కడుంటుంది? అలాగని అతన్ని మెతక మనిషి అనుకోవడానికి లేదు. 1930 లండన్ సమావేశంలో క్రూజర్ల విషయంలో రాజీ వద్దని గట్టిగా నిలబడ్డవాళ్లలో అతనూ ఉన్నాడు. 1934లో అదే లండన్‌లో ప్రాథమిక చర్చలకు జపాన్ ముఖ్య ప్రతినిధిగా వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆ డిసెంబర్‌లోనే జపాన్ వాషింగ్టన్ ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్టు నోటీసు ఇచ్చేసింది.

అతను లండన్‌లో ఉండగానే టోక్యోలో ఒక దెబ్బ పడింది. ఒప్పందాలను సమర్థించే అధికారులను ఒక్కొక్కరినే ఉద్యోగం నుంచి తప్పించే పని 1933-34లో నౌకాదళంలో జోరుగా సాగింది. యమమోటో అకాడమీ సహాధ్యాయి, ప్రాణ స్నేహితుడు హోరి తెయికిచి 1934 డిసెంబర్‌లో రిజర్వు జాబితాలోకి వెళ్లిపోయాడు. ఆ బ్యాచ్‌లో అందరికంటే తెలివైనవాడని పేరున్న మనిషి. అమెరికాతో పోటీ మంచిది కాదని చెబితే ఏమవుతుందో మిగతావాళ్లకు అర్థమైపోయింది. 1941లో నౌకాదళ పెద్దలు మాట్లాడాల్సిన చోట ఎందుకు నోరు విప్పలేదో తెలియాలంటే ఈ పాత వేటును మర్చిపోకూడదు.

1936 డిసెంబర్ నుంచి 1939 ఆగస్టు దాకా యమమోటో నౌకాదళ ఉపమంత్రి. మంత్రి యొనాయి మిత్సుమాసా, సైనిక వ్యవహారాల విభాగం అధిపతి ఇనొవె షిగెయోషి, యమమోటో ముగ్గురూ కలిసి జర్మనీతో పొత్తుకు అడ్డం పడ్డారు. హిట్లర్‌తో చేతులు కలిపితే బ్రిటన్‌తో, ఆ వెనకే అమెరికాతో తలపడక తప్పదన్నది వాళ్ల వాదన. 1937 డిసెంబర్‌లో చైనాలోని యాంగ్జీ నదిలో జపాన్ విమానాలు అమెరికా పడవ పనాయ్‌ని ముంచేసినప్పుడు, అమెరికా రాయబారికి క్షమాపణ చెప్పినవాళ్లలో అతనూ ఉన్నాడు. యమటో, ముసాషి అనే రాక్షస యుద్ధనౌకలు కట్టడం డబ్బు దండగ అని, రాబోయే యుద్ధం విమానాలదని వాదించి ఓడిపోయాడు. విచిత్రం ఏమిటంటే 1942లో ఆ యమటోయే అతని పతాక నౌక అయింది.

ఈ వాదనలకు బహుమతిగా బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. జర్మనీ పొత్తు కోరే అతివాదులు చంపుతామని బాహాటంగానే అన్నారు. 1939 మేలో అతను మరణ వాంగ్మూలంలాంటి ఒక కాగితం రాసి దాచుకున్నాడు. ఆగస్టు చివర్లో యొనాయి అతన్ని సంయుక్త నౌకాదళాధిపతిగా సముద్రం మీదికి పంపించేశాడు. టోక్యోలో ఉంటే ఎవడో ఒకడు చంపేస్తాడన్న భయమే కారణమని అంటారు. ప్రాణం దక్కింది, కానీ విధానాలు తయారయ్యే గది నుంచి అతను బయటపడ్డాడు. నౌకాదళాధిపతి చేతిలో ఓడలుంటాయి కానీ యుద్ధం చేయాలా వద్దా అన్నది తేల్చే అధికారం ఉండదు.

ఇంతవరకు చదివి అతన్ని శాంతిదూతగా ఊహించుకుంటే పొరపాటు. 1937లో చైనా నగరాల మీద బాంబులు వేసిన నౌకాదళ బాంబర్లు అతను వైమానిక విభాగంలో ఉన్నప్పుడు ఏరికోరి తయారు చేయించినవే. ఆ బాంబుదాడుల కాలంలో అతను నౌకాదళ ఉపమంత్రి. చైనా ప్రజల మీద యుద్ధం అన్యాయం అని అతను నిలబడి వాదించిన దాఖలా లేదు. వద్దన్నది ఒక్క అమెరికాతో యుద్ధాన్ని, ఎందుకంటే దాంట్లో గెలవలేరు. ఈ తేడాను పట్టించుకోకుండా యుద్ధం తర్వాత అల్లిన "విషాద వీరుడు" కథలు చదవడానికి బాగుంటాయి, అంతకుమించి పెద్దగా ఉపయోగపడవు.

అతని లెక్కలోని అంకెలు ఒకసారి చూద్దాం. 1940 జూన్‌లో ఫ్రాన్స్ పడిపోగానే అమెరికా కాంగ్రెస్ కదిలింది. జూలై 19న రూజ్‌వెల్ట్ సంతకం చేసిన రెండు మహాసముద్రాల నౌకాదళ చట్టం ఒక్క వేటుతో అమెరికా నౌకాదళాన్ని 70 శాతం పెంచింది: 13 లక్షల టన్నులకు పైగా కొత్త యుద్ధనౌకలు, వాటిలో 18 విమానవాహక నౌకలు. 1941 చివరికి జపాన్ నౌకాదళం అమెరికా దళంలో దాదాపు 70 శాతం ఉంది. అమెరికా ఓడలు నీళ్లలోకి దిగుతున్న కొద్దీ అది 1944కి 30 శాతానికి పడిపోతుందని జపాన్ నౌకాదళమే అంచనా కట్టింది. ఉక్కు ఉత్పత్తిలో అమెరికా పది రెట్లు ముందుంది. చమురు సంగతి ఇంకా ఘోరం. జపాన్ వాడే చమురులో 80 శాతం దాకా ఎవరితో యుద్ధం చేయాలనుకుంటోందో ఆ దేశం నుంచే వస్తోంది.

ఈ అంకెలు రహస్యమేమీ కావు. 1941 వేసవిలో ప్రభుత్వమే పెట్టిన సమగ్ర యుద్ధ పరిశోధన సంస్థలో, ముప్పై ఏళ్ల వయసు చుట్టుపక్కల ఉన్న అధికారులు, సైనికులు, కంపెనీ ఉద్యోగులు కలిసి ఒక ఊహా మంత్రివర్గంగా ఏర్పడి యుద్ధాన్ని కాగితం మీద నడిపి చూశారు. మొదట్లో విజయాలు, తర్వాత సుదీర్ఘ యుద్ధం, ఓడలు మునిగి సరుకు రవాణా కుదేలవడం, చివర్లో సోవియట్ యూనియన్ దిగడం, ఓటమి. ఆగస్టు చివర్లో అసలు మంత్రివర్గం ముందు ఈ ఫలితం చదివి వినిపించారు. యుద్ధమంత్రి తోజో అంతా విని, ఇది బల్ల మీది లెక్క, రష్యాతోనూ గెలుస్తామని ఎవరూ అనుకోలేదు, యుద్ధం అనుకున్నట్టు నడవదు అని కొట్టిపారేశాడు. అంటే యమమోటోకు ఇతరులకు లేని జ్ఞానమేదో ఉందని కాదు. తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు. తెలిసిందాన్ని ఎవరు, ఎక్కడ, ఎంత స్పష్టంగా అంటారన్నదే చిక్కు.

ఆ చిక్కు ప్రధాని కొనొయె ఇంట్లో బయటపడింది. ఒప్పందం కుదిరిన రోజుల్లో కొనొయె యమమోటోను పిలిపించి, అమెరికాతో యుద్ధం వస్తే ఎలా ఉంటుందని అడిగాడు. యమమోటో జవాబును కొనొయె తన జ్ఞాపకాల్లో రాశాడు. తప్పనిసరిగా చేయమంటే మొదటి ఆరు నెలలో, ఏడాదో చెలరేగి చూపిస్తాను, రెండో ఏడు, మూడో ఏడు అయితే మాత్రం నాకు ఏమాత్రం నమ్మకం లేదు. ఒప్పందం ఎలాగూ అయిపోయింది, ఇకనైనా అమెరికాతో యుద్ధం రాకుండా చూడండి. ఏడాది తర్వాత 1941 సెప్టెంబర్‌లో మళ్లీ అడిగితే దాదాపు ఇదే జవాబు.

ఈ మాటలు ఇప్పుడు ఎంతో ప్రసిద్ధం. 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్, 1942 జూన్ 4న జపాన్ ఓడిపోయిన మిడ్వే పోరు, అంటే ఆరు నెలలకు మూడు రోజులు తక్కువ. జోస్యం అచ్చంగా ఫలించిందని దీన్ని మెచ్చుకుంటూ రాస్తుంటారు. అప్పట్లో అతని పక్కనే నిలబడి పోరాడిన ఇనొవె షిగెయోషి మాత్రం మెచ్చుకోలేదు. యుద్ధం తర్వాత ఈ మాటను గట్టిగా తప్పుబట్టాడు. నౌకాదళం సంగతులు తెలియని, మెత్తని స్వభావం ఉన్న కొనొయె లాంటి మనిషితో అలా మాట్లాడితే, ఏడాదిన్నర దాకా ఎలాగో నెట్టుకురావచ్చనే అర్థం చేసుకుంటాడు. మేం చేయలేం, చేస్తే ఓడిపోతాం, అలాంటివాడు ఈ పదవికి పనికిరాడంటే తప్పుకుంటాను అని యమమోటో అనాల్సింది.

ఇనొవె చెప్పింది సబబే అనిపిస్తుంది. పాము చావకుండా కర్ర విరగకుండా ఉన్న జవాబు అది. అందులో హెచ్చరిక ఉంది, గర్వం కూడా ఉంది. ఆరు నెలలు చెలరేగుతానన్న మాట ఒక సేనాని ఆత్మగౌరవం నుంచి వచ్చింది. నాకు చేతకాదు అని ఒక రాజకీయ నాయకుడి ముందు అనడం అతనికి మింగుడు పడలేదు. వినేవాడు తనకు కావలసిన సగాన్ని తీసుకుని రెండో సగాన్ని వదిలేయడానికి అది సరిగ్గా సరిపోయింది.

ఇది ఒక్క మనిషి బలహీనత అనుకుంటే అన్యాయమవుతుంది. నౌకాదళం మొత్తానికి నోరు కట్టుబడిపోయి ఉంది, దానికి కారణం బడ్జెట్. ఇరవై ఏళ్లుగా పసిఫిక్‌లో అమెరికాయే మా శత్రువు అని చూపించి పార్లమెంటు దగ్గర డబ్బు తీసుకున్నారు. ఉక్కు, చమురు పంపకాల్లో సైన్యంతో ప్రతి ఏడూ పీకులాటే. ఇప్పుడు అమెరికాతో మా వల్ల కాదంటే, మరి ఇన్నాళ్లూ తీసుకున్న డబ్బు దేనికని సైన్యం అడుగుతుంది, ఆ ఉక్కు మాకివ్వమంటుంది. 1941 అక్టోబర్ 12న కొనొయె ఇంట్లో జరిగిన కీలక సమావేశంలో నౌకాదళం యుద్ధం వద్దంటే తామూ పునరాలోచిస్తామన్నట్టు సైన్యం వైపు నుంచి సూచనలు వచ్చాయి. ఒయికవా అక్కడా అసలు మాట అనలేదు. నిర్ణయం ప్రధానికే వదిలేస్తున్నామన్నాడు. నాలుగు రోజులకు కొనొయె రాజీనామా చేశాడు, 18న తోజో ప్రధాని అయ్యాడు.

మధ్యలో పరిస్థితిని చేయి దాటించింది చమురు. 1941 జూలైలో జపాన్ సేనలు దక్షిణ ఇండోచైనాలోకి వెళ్లాయి. 26న అమెరికా జపాన్ ఆస్తులను స్తంభింపజేసింది, ఆగస్టు మొదటి రోజుల నుంచి చమురు ఆగిపోయింది. నౌకాదళ సిబ్బంది ప్రధానాధికారి నగానొ ఒసామి లెక్క ప్రకారం నిల్వలు రెండేళ్లకు, యుద్ధం చేస్తే ఏడాదిన్నరకు సరిపోతాయి. సుషిమా లాంటి విజయం మాట అటుంచి, గెలుస్తామో లేదో కూడా చెప్పలేనని చక్రవర్తి ముందే అన్న నగానొ, అందుకే ఇప్పుడే కొట్టడం మేలని ముక్తాయించాడు. రోజు గడిచే కొద్దీ బలహీనపడతాం కాబట్టి ఇవాళే యుద్ధం. యమమోటో యుద్ధం వద్దనడానికి వాడిన అంకెలే నగానొ చేతిలో యుద్ధానికి తొందర పెట్టే అంకెలయ్యాయి.

ఇక హవాయి పథకం. 1941 జనవరి 7న యమమోటో ఒయికవాకు ఒక ఉత్తరం రాశాడు. అందులో ఒక సంగతి చదివితే ఆశ్చర్యమేస్తుంది. అమెరికాతో యుద్ధాన్ని మ్యాపుల మీద ఎన్నిసార్లు ఆడి చూసినా జపాన్ నౌకాదళం ఘనంగా గెలిచింది ఒక్కసారీ లేదు, మెల్లగా అరిగిపోతున్నామని కనబడేసరికి ఆటను ఆపేయడం అలవాటైపోయింది అని రాశాడు. అప్పటి అధికారిక వ్యూహం సుషిమా నమూనా: అమెరికా దళం పసిఫిక్ దాటి వస్తుంది, దారిలో జలాంతర్గాములు, విమానాలు దాన్ని చిలికి బలహీనపరుస్తాయి, జపాన్ దగ్గరి నీళ్లలో యుద్ధనౌకలు ఆఖరి దెబ్బ కొడతాయి. శత్రువు మనం గీసిన గీత మీదే నడుచుకుంటూ వచ్చి, మనకు వీలైన రోజున చస్తాడని నమ్మే వ్యూహం. యమమోటోకు అందులో నమ్మకం లేదు.

దాని బదులు అతను సూచించింది: యుద్ధం మొదటి రోజునే దాని ఫలితాన్ని తేల్చేయాలి. హవాయిలోని అమెరికా ప్రధాన దళాన్ని విమానాలతో కొట్టి, వాళ్ల నౌకాదళం, ప్రజల మనోధైర్యం మళ్లీ లేవలేనంతగా దెబ్బతీయాలి. తర్కం అర్థమవుతూనే ఉంది. రెండో ఏడు లేదు, మూడో ఏడు లేదు, కాబట్టి ఉన్న కాస్త సమయాన్ని మొదటి గంటల్లోనే కుక్కేయాలి. సుదీర్ఘ యుద్ధంలో ఓడిపోతామని బలంగా నమ్మినవాడికే ఇలాంటి పథకం తడుతుంది. గెలుస్తామని నమ్మేవాడికి ఇంత రిస్కు అక్కర్లేదు, అందుకే నౌకాదళ సిబ్బంది కార్యాలయం దీన్ని జూదం అంటూ నెలల తరబడి తిప్పికొట్టింది. వాళ్లకు విమానవాహక నౌకలు దక్షిణాన, చమురు ఉన్న డచ్ ఈస్ట్ ఇండీస్ వైపు దాడికి కావాలి. అక్టోబర్‌లో యమమోటో తన అధికారి కురొషిమా కమెతోను టోక్యో పంపించాడు. పథకం ఒప్పుకోకపోతే అధిపతి, అతని సిబ్బంది మొత్తం రాజీనామా చేస్తారన్నది కబురు. నగానొ దిగొచ్చాడు.

ఆ బెదిరింపుకు వారం పది రోజుల ముందే, అక్టోబర్ 11న, యమమోటో హోరికి ఒక ఉత్తరం రాశాడు. తన సొంత అభిప్రాయానికి పూర్తిగా వ్యతిరేకమైన నిర్ణయం తీసుకుని, అదే దారిలో వెనక్కి చూడకుండా నడవాల్సిన వింత స్థితిలో ఉన్నానని, ఇదే విధి అనుకోవాలేమోనని అందులో వాపోయాడు. ఉత్తరంలో బాధ నిజమైనదే, అనుమానించాల్సిన పని లేదు. కానీ పక్కపక్కన పెట్టి చూడాలి: యుద్ధం వద్దన్న మాట స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఉండిపోయింది, పథకం కావాలన్న మాట రాజీనామా బెదిరింపుగా టోక్యో చేరింది. అది పనిచేసింది కూడా. 1942 ఏప్రిల్‌లో మిడ్వే పథకం ఒప్పించుకోవడానికీ అదే అస్త్రం వాడాడు, అప్పుడూ పనిచేసింది. అతన్ని పోగొట్టుకోవడానికి నౌకాదళం సిద్ధంగా లేదన్నది అతనికి తెలుసు. మరి ఆ బలాన్ని యుద్ధానికే అడ్డంగా ఎందుకు పెట్టలేదు?

అతని దృష్టిలో దీనికి జవాబు సులువు. ఎలా పోరాడాలన్నది సేనాని పని, పోరాడాలా వద్దా అన్నది ప్రభుత్వం పని. అయినా ఉపమంత్రి పదవిలో లేకపోయినా మంత్రికి, పాత సహచరులకు ఉత్తరాలు రాస్తూ, ప్రధానికి సలహాలు ఇస్తూ ఆ గీత అతనే చాలాసార్లు దాటాడు. ఆఖరి అడుగు దగ్గర మాత్రం గీత గుర్తొచ్చింది.

అతని లెక్కలో ఒక పెద్ద తప్పు కూడా ఉంది. అమెరికా ఫ్యాక్టరీలు, చమురు అంత బాగా తెలిసినవాడు అమెరికా మనుషుల దగ్గరికి వచ్చేసరికి, ఒక్క భయంకరమైన దెబ్బతో నీరుగారిపోతారని అంచనా వేశాడు. అంతకుముందు ఏడాదంతా అమెరికాలో యుద్ధంలోకి దిగాలా వద్దా అని గొడవే. డిసెంబర్ 7 ఆదివారం ఉదయం 353 విమానాలు రెండు విడతలుగా వచ్చి, 2,403 మందిని చంపి, నాలుగు యుద్ధనౌకలను ముంచేశాక ఆ గొడవ ఒక్క రోజులో సమసిపోయింది. అమెరికాతో చర్చలు ముగించే జపాన్ నోటీసు వాషింగ్టన్‌లో బాంబులు పడ్డ దాదాపు గంట తర్వాత అందడంతో దొంగదెబ్బ అన్న ముద్ర పడింది. పాత యుద్ధనౌకల్లో రెండు తప్ప మిగతావి తేలి మళ్లీ పనిలోకి వచ్చాయి. అసలు కావలసిన విమానవాహక నౌకలు ఆ రోజు రేవులోనే లేవు. చమురు ట్యాంకుల జోలికి ఎవరూ వెళ్లలేదు. చమురు కోసం మెక్సికోలో అరటిపళ్లు తిని తిరిగిన మనిషి పథకంలో ఆ ట్యాంకులు ముఖ్య లక్ష్యం కాకపోవడం ఇప్పటికీ వింతగానే ఉంటుంది. ఒక్క నిర్ణాయక పోరుతో యుద్ధం తేలిపోతుందన్న సుషిమా నమ్మకాన్ని ఓడల విషయంలో వదిలేసినా, మనసులో వదల్లేదేమో.

మొదటి ఆరు నెలలు మాత్రం అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆ చెలరేగడం తెలుగు తీరం దాకా వచ్చింది. 1942 ఏప్రిల్ మొదటి వారంలో జపాన్ సేనాని నగుమొ నౌకలు కొలంబో, ట్రింకోమలీల మీద పడుతుండగా, మరో సేనాని ఒజావా దళం బంగాళాఖాతంలో వర్తక నౌకలను ఇరవై దాకా ముంచేసింది. ఏప్రిల్ 6న ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు కాకినాడ, విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. నష్టం పెద్దది కాదు కానీ భయం పెద్దది. ఆ నెలలో మద్రాసు నుంచి జనం మూటాముల్లె సర్దుకుని సొంతూళ్లకు తరలిపోయారు. వ్యూహపరంగా ఆ దాడులతో జపాన్‌కు ఒరిగింది తక్కువే. అమెరికా విమానవాహక నౌకలు పసిఫిక్‌లో క్షేమంగా తిరుగుతుండగా, జపాన్ మేటి పైలట్లు హిందూ మహాసముద్రంలో పని చేస్తున్నారు.

జూన్‌లో మిడ్వే దగ్గర జపాన్ విమానవాహక నౌకలు అకాగి, కాగా, సోర్యు, హిర్యు నాలుగూ మునిగాయి. అకాగికి ఒకప్పుడు యమమోటోయే కెప్టెన్. ఆగస్టు నుంచి గ్వాడల్‌కనాల్ ద్వీపంలో అతను భయపడ్డ అరుగుదల యుద్ధం మొదలైంది. 1942 డిసెంబర్ 31న ఎసెక్స్ అనే అమెరికా విమానవాహక నౌక సేవలోకి వచ్చింది. యుద్ధం ముగిసేసరికి ఆ తరగతివి పదిహేడు వచ్చాయి. 1943 ఏప్రిల్ 18న, సంకేత సందేశాన్ని ఛేదించిన అమెరికన్లు బోగన్‌విల్ ద్వీపం మీద అతని విమానాన్ని కూల్చేశారు. వయసు 59.

అతని పేరు మీద నడిచే రెండు మాటల సంగతి కూడా చెప్పుకోవాలి. నిద్రపోతున్న రాక్షసుణ్ణి లేపామని పెర్ల్ హార్బర్ తర్వాత అన్నాడని సోషల్ మీడియాలో తిరిగే వాక్యానికి ఆధారం లేదు, అది 1970లో వచ్చిన ఒక సినిమా డైలాగు. రెండోది నిజమైన ఉత్తరమే, 1941 జనవరిలో ససకవా అనే జాతీయవాద నాయకుడికి రాసింది. అమెరికాతో యుద్ధమంటే గువామ్, ఫిలిప్పీన్స్ పట్టుకుంటే చాలదు, హవాయి, శాన్ ఫ్రాన్సిస్కో కూడా చాలవు, వాషింగ్టన్ దాకా నడిచి వైట్ హౌస్‌లో సంతకం పెట్టించుకోవాలి, మన రాజకీయ నాయకులు అంత త్యాగానికి సిద్ధంగా ఉన్నారా అని అడిగాడు. యుద్ధం మొదలయ్యాక జపాన్ ప్రచార యంత్రాంగం ఆ చివరి ప్రశ్నను కోసేసి మిగతాది ప్రకటించింది. వద్దని రాసిన ఉత్తరం వైట్ హౌస్‌కు వస్తున్నామన్న సవాలుగా మారి రెండు దేశాల పత్రికల్లోనూ పడింది. అమెరికాలో అతను అహంకారి అయిన శత్రువుగా గుర్తుండిపోవడానికి ఆ కత్తిరింపు చాలావరకు కారణం.

1946 జనవరిలో పాత నౌకాదళ పెద్దలు కొందరు టోక్యోలో కూర్చుని, యుద్ధం ఎలా వచ్చిందో తమలో తాము తవ్వుకున్నారు. ఒయికవా ఉన్నాడు, ఇనొవె ఉన్నాడు. ఇనొవె వాదన సూటిగా ఉంది: నౌకాదళ మంత్రి రాజీనామా చేసి, దళం ఇంకో మంత్రిని ఇవ్వకపోతే మంత్రివర్గం పడిపోతుంది. 1936 నుంచి సర్వీసులో ఉన్న అధికారే మంత్రి కావాలన్న నిబంధన ఉంది. సైన్యం ఆ నిబంధనను 1940లో యొనాయి ప్రభుత్వాన్నే కూల్చడానికి వాడుకుంది. నౌకాదళం యుద్ధాన్ని ఆపడానికి దాన్ని ఒక్కసారైనా ఎందుకు వాడలేదని అతను నిలదీశాడు.